తుపాకీ పేలని హాకా

మొన్న మా వీధి పిల్లలు కొందరు అడవి చూసి వచ్చారు. టోపీలు పెట్టుకొని, మెడలో దుర్భిణీలు వేలాడేసుకొని పెద్ద హడావుడిగా పోయారు. వచ్చాక మా అరుగు మీద కూర్చుని ఒకటే సణుగుడు. "ఏం లేదు తాతా, దండుగ. దినమంత తిరిగితే రెండు నెమళ్ళు, ఒక కోతుల గుంపు. గంతే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మీరొచ్చారని జంతువులన్నీ వరుసగా నిలబడి హాజరు చెప్పాలా అని గట్టిగానే అడిగాను. పిల్లలు పకపకా నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, జంతువులను సరిగ్గా అట్లా వరుసగా నిలబెట్టి చూపించాలని తాపత్రయపడ్డ మనుషుల మధ్య నేను పనిచేశాను. ఆ ముచ్చట ఆ పిల్లలకు చెప్పాను. మీకూ చెప్తాను.

మాది కరీంనగర్ దగ్గర సేద్యపు ఇల్లు. నేను జంగ్లాత్ నౌకరిలో చేరతానంటే మా బాపుకు అస్సలు నచ్చలేదు. "చెట్లకు కావలి కాసుడు గూడ ఒక కొలువేనారా? అవి యాడికన్న ఉరికిపోతయా?" అన్నాడు. మా అవ్వ మాత్రం పులి గురించి ఏడ్చింది. ఇద్దరికీ నచ్చజెప్పి చేరాను. అక్కడా ఇక్కడా తిరిగి చివరికి జైనూర్ అవతలి గుట్టల్లో ఫారెస్టరుగా పడ్డాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి కొన్నేళ్ళే. పై ఆఫీసర్లు చాలామంది కొత్తవాళ్ళు, కింద మేమందరం పాతవాళ్ళం.

మా రేంజరు అందరికన్నా పాతవాడు. నిజాం కాలంలో చేరిన మనిషి, ఉర్దూ ఇంటి భాష, తెలుగు అడవిలో నేర్చుకున్నది. మేమంతా సాబ్ అనేవాళ్ళం. పడుచుతనంలో ఆయన పనంతా పెద్దపెద్దవాళ్ళకు షికార్లు ఏర్పాటు చేయడమే. ఎవరి పక్కన నిలబడి ఏ పులిని పడగొట్టించాడో మొదట్లో కథలు కథలుగా చెప్పేవాడట. నేను చేరేనాటికి ఆ కథలు మానేశాడు, తుపాకీ కూడా మానేశాడు. ఎందుకు మానేశారు సాబ్ అని ఒకసారి అడిగితే, "దిల్ భర్ గయా, బేటా" అన్నాడు. మనసు నిండిపోయిందట.

ఆయన మనసు ఇప్పుడు ఒక లోయ మీద ఉండేది. కాగితాల మీద దానికి ఒక నంబరు తప్ప పేరు లేదు. రెండు గుట్టల నడుమ నుంచి ఒక వాగు దిగి వచ్చి బండల కింద మడుగు కట్టేది. మడుగు ముందు పచ్చిక మైదానం, చుట్టూ పైదాకా టేకు. ఎండాకాలంలో చుట్టుపక్కల నీళ్ళన్నీ ఎండిపోతే ఆ మడుగే దిక్కు కాబట్టి దుప్పులు, కణుజులు, ఎలుగులు అన్నీ అక్కడికే చేరేవి. గుట్ట అంచున కాలిబాట ఉండేది. సాబ్ వీలైనప్పుడల్లా నన్ను వెంటేసుకొని ఆ బాట పట్టేవాడు. నాకు మొదట్లో ఆ నడకంటే చావే. రాళ్ళు, ముళ్ళు, ఎక్కుడు. ఆయనేమో ఆ వయసులో మేకలా ఎక్కి, పైన బండ మీద కూర్చుని, నేను రొప్పుతూ వచ్చేదాకా నవ్వేవాడు. కూర్చున్నాక మాత్రం ఇద్దరం మాట్లాడేవాళ్ళం కాదు. కింద గుంపులు నీళ్ళకు దిగుతుంటే చూస్తూ ఉండిపోయేవాళ్ళం. ఆ లోయ మీద నాకూ ప్రేమ పుట్టింది. అది సాబ్ అంటించిన రోగం.

అటువంటి లోయను కూపుకు పెట్టారు. అంటే వానలు వెళ్ళాక టేకు మానులకు సుత్తె గుర్తులు వేసి నరికేస్తారు. అది చాలదన్నట్టు ప్రతి ఎండాకాలం పట్నం నుంచి షికారీలు పర్మిట్లు పట్టుకొని రానే వస్తారు. సాబ్ పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఈ ఒక్క లోయను వదిలేయండి, కొట్టడానికి కాకుండా చూడటానికి జనం వస్తారు, బాట వేద్దాం, మంచె కడదాం అన్నాడు. చూడటానికి అడవికి ఎవరొస్తారయ్యా అని నవ్వినవాళ్ళే ఎక్కువ. చివరికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. చూడదగ్గదేదైనా ఉంటే సరే, లేకపోతే గొడ్డలి. సాబ్ రిటైరయ్యే కాలం దగ్గర పడింది. ఇది పోతే ఇంకో అవకాశం లేదు.

అంతా బాగానే ఉంది గాని ఆ ఆఫీసరు వచ్చేది పట్టపగలు. చీకటి పడేలోగా మళ్ళీ ఆదిలాబాదులో ఉండాలట. జంతువులు నీళ్ళకు దిగేది పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గూకేటప్పుడు. మిట్టమధ్యాహ్నం వాటిని ఎక్కణ్ణుంచి తేవాలి? బంగళా వసారాలో నలుగురం కూర్చున్నాం. సాబ్, నేను, బీటు గార్డు, బంగళాలో వంట చేసే ఖాన్సామా. గార్డు మిషన్ చర్చికి పోయే ఇంటివాడు, ఏ పని మొదలుపెట్టినా కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకునేవాడు. సాబ్ "నా తరఫున గూడ ఒకటి చెయ్యి" అని రోజూ ఆటపట్టించేవాడు. ఆ రోజు మాత్రం ఆటకు కాదు, నిజంగానే అడిగాడు.

ఉపాయం ఖాన్సామాకు తట్టింది. "గిదేం పరేషాన్ సాబ్? హాకా కొట్టిద్దాం" అన్నాడు.

మా అందరికీ ప్రాణం లేచి వచ్చింది. హాకా అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. గూడెం జనం అడవికి ఆ చివరన బారుగా నిలబడి డప్పులు, రేకు డబ్బాలు కొడుతూ, కేకలు పెడుతూ ఇటు నడిచి వస్తారు. ఆ మోతకు జంతువులు ముందుకు ఉరుకుతాయి. ఈ చివరన మంచె మీద తుపాకీ పట్టుకొని ఒకడు కూర్చుంటాడు. జంతువులను మనిషి ముందుకు తేవడానికి మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అందులోంచి తుపాకీ తీసేస్తే చాలు, అదే చూపించడం అవుతుందనుకున్నాం.

గార్డు లోయ పక్కనున్న గూడేనికి పోయి పట్లాకు చెప్పి వచ్చాడు. పట్లా అంటే ఆ గోండు గూడేనికి పెద్ద. పెద్ద దొర వస్తున్నాడు, హాకాకు మనుషులు కావాలి అంటే, సంతోషంగా సరేనన్నాడట. తుపాకీ ఉండదని గార్డు చెప్పలేదు, సాబ్ చెప్పమనలేదు, నాకూ తోచలేదు. మాకు అది చెప్పనక్కరలేని సంగతి, పట్లాకు అడగనక్కరలేని సంగతి.

ఆ రోజు ఆఫీసరు భార్యతో కలిసి జీపులో దిగాడు. కోస్తా మనిషి, మాట మెత్తన, చూపు చురుకు. ఆమె క్యాన్వాసు బూట్లు వేసుకొని, భుజానికి కెమెరా తగిలించుకొని వచ్చింది. సాబ్ మడుగు ఎదురుగా కట్టించిన మంచె మీదికి ఇద్దరినీ ఎక్కించి తానూ ఎక్కాడు. నేను పక్క చెట్టు మీద కూర్చున్నాను. జంతువులు పక్కకు తప్పుకోబోతే కొమ్మ మీద కర్రతో టక్కుమనిపించి మళ్ళించడం నా పని.

దూరంగా డప్పులు మొదలయ్యాయి. ముందు నెమళ్ళు రెక్కలు కొట్టుకుంటూ మా తలల మీదుగా పోయాయి. వెనక అడవిపందులు. ఆ తర్వాత చుక్కల దుప్పుల గుంపు, ఎండలో మెరుస్తూ మైదానం అంతా పరుచుకుంది. ఒక ఎలుగు వీపు మీద పిల్లను వేసుకొని తూలుతూ ఉరికింది. "ఏమండీ, చూడండి, అయ్యో, పిల్ల చూడండి!" అని ఆమె గుసగుసలాడటం నా చెట్టు దాకా వినిపించింది. కెమెరా సంగతే మరిచిపోయింది. చివరగా ఒక ముసలి కణుజు బయటికి వచ్చింది. కొమ్ములు ఇంతేసి. సరిగ్గా మంచె ఎదురుగా ఆగి, తల వెనక్కి తిప్పి చూసింది. అన్నేళ్ళ హాకాల్లో తప్పించుకున్న జంతువది. ఇక్కడ తుపాకీ సప్పుడు వినపడాలని దానికి తెలుసనిపించింది నాకు. సప్పుడు కాలేదు. కాసేపు అట్లాగే చూసి, మెల్లగా నడుచుకుంటూ పొదల్లోకి పోయింది.

సాబ్ వైపు చూశాను. కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆఫీసరు ఆయన భుజం తట్టాడు. గెలిచాం అనుకున్నాను. నిజం చెప్పాలంటే చెట్టు మీదే ఈల వేయబోయాను.

అయితే డప్పులు ఆగలేదు. ఆగకపోగా మోత పెరిగింది. ఏమైందంటే, తుపాకీ సప్పుడు వినపడకపోయేసరికి జంతువులన్నీ పక్కల నుంచి తప్పించుకున్నాయని పట్లా అనుకున్నాడు. పెద్ద దొర ముందు పరువు పోతుందని సగం మందిని గుట్ట వెనక నుంచి తిప్పి, అటువైపు నుంచి మళ్ళీ కొట్టించాడు. ఉరికి ఉరికి అలిసిన జంతువులు మళ్ళీ మా మీదికే వచ్చాయి. "ఆపుండ్రి! బంద్ కరో!" అని సాబ్ మంచె మీద నుంచి గొంతు చించుకున్నాడు. ఆ మోతలో ఎవరికి వినపడుతుంది? నేను చెట్టు దిగి చేతులూపుతూ పరుగెత్తాను. దుప్పుల గుంపు నాలుకలు బయటపెట్టి, మడుగు మీది బండల నుంచి దూకింది. అన్నీ దూకాయి గాని ఒక ఆడదుప్పి కాలు రాళ్ళ సందులో పడి విరిగింది. మంచె మీద నుంచి ఆఫీసరు భార్య కేక పెట్టింది.

డప్పులు అప్పుడు ఆగాయి. పట్లా చెమటలు కక్కుతూ ముందుకు వచ్చాడు, వెనక గూడెం అంతా.

"ఏమాయె సాబ్? బందూకు ఖరాబైందా?" అన్నాడు.

"బందూకు లేదు పట్లా" అన్నాడు సాబ్ మంచె దిగి వస్తూ.

"బందూకు లేక హాకేంది?"

"చూసేటందుకు."

పట్లా ఆ మాటను గోండిలో తనవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక పడుచువాడు నవ్వబోయి ఆగిపోయాడు. వెనక గంపలు పట్టుకొని వచ్చిన ఆడవాళ్ళున్నారు. హాకా కొడితే వాళ్ళకు కూలి లేదు, మాంసంలో వాటానే కూలి. పొరుగు గూడెం చుట్టాలను కూడా పిలుచుకున్నారట, పొయ్యిలు వెలిగించి వచ్చారట. పట్లా తల్లి, పండు ముసలిది, మంచె వైపు చూసి అడిగింది.

"చూస్తె కడుపు నిండుతదా?"

రాళ్ళ మధ్య ఆ దుప్పి లేవబోయి పడుతోంది, లేవబోయి పడుతోంది. అందరూ సాబ్ వైపే చూస్తున్నారు.

ఆఫీసరు మంచె దిగి వచ్చాడు. "దాన్నెవరూ ముట్టుకోవద్దు. పశువుల డాక్టర్ని పిలిపించండి" అన్నాడు.

"డాక్టరు ఆసిఫాబాద్ నుంచి రావాలె సార్. కాలు ఇరిగిన దుప్పి అందాక ఉండది. నొప్పితోనే సస్తది" అన్నాడు సాబ్.

"నేనిక్కడ చంపడం చూడటానికి రాలేదు."

సాబ్ దుప్పి వైపు తిరిగాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన గుండెల్లో ఏం జరుగుతోందో నాకు తెలుసు. ఆఫీసరు మాట వింటే లోయ నిలవవచ్చు. వినకపోతే పోయినట్టే. దుప్పి ఎట్లాగూ చచ్చేదే, కాసేపు కళ్ళు మూసుకోండి సాబ్ అని చెప్పాలని నా నోటి దాకా వచ్చింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కానియ్యి పట్లా. జల్ది కానియ్యి" అన్నాడు.

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. పట్లా ఒక్క వేటుతో దాని బాధ తీర్చాడు. ఆ తర్వాత వాళ్ళ పద్ధతి ప్రకారం అక్కడికక్కడే వాటాలు వేశారు. మొదటి వాటా ఆకుదొప్పలో పెట్టి పట్లా తెచ్చి ఆఫీసరు ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"మంచె వాటా సార్. మంచె మీద కూర్చున్నవారిది" అన్నాను.

"నేను కాల్చలేదే!"

"కాల్సకపోతె ఏమాయె దొరా? నువ్వు మంచె మీద కూసున్నవు. నీ కోసమే మేం ఉరికినం, నీ కోసమే అవి ఉరికినయి. నీ వాటా నీదే" అన్నాడు పట్లా.

ఆఫీసరు అడుగు వెనక్కి వేశాడు. ఆయన భార్య ముందుకు వచ్చి, ఏడుస్తూ ఆ దొప్ప అందుకుంది. "మనకోసమే కదండీ దాని కాలు విరిగింది" అంది. అట్లా ఏడుస్తూనే వెళ్ళి ఆ దొప్పను పట్లా తల్లి గంపలో పెట్టింది. ముసలామె ఆమెను ఎగాదిగా చూసి, "గీ బిడ్డ పొద్దటి సంది ఏం తిన్నట్టు లేదు" అంటూ కొంగు ముడి విప్పి జొన్న రొట్టె ముక్క చేతిలో పెట్టింది. ఆమె అక్కడే నిలబడి తిన్నది.

జీపు ఎక్కే ముందు ఆఫీసరు పట్లాను అడిగాడు. "ఈ లోయలో ఇక వేట ఉండకూడదంటే, మీరు కూడా మానేస్తారా?"

"మేం పండుగకో పబ్బానికో కొడ్తం. దొరలు ఎండకాలమంత కొడ్తరు. ముందుగాల మీ బందూకులు ఆపున్రి. గప్పుడు మమ్ముల అడుగున్రి" అన్నాడు పట్లా.

ఆఫీసరు జీపెక్కాడు. దుమ్ము అణిగేదాకా మేం అట్లాగే నిలబడ్డాం. బంగళాలో ఆఫీసరు కోసం వండిన పులావు డేగిసాతో సహా గూడేనికి పంపించమన్నాడు సాబ్. ఖాన్సామా గుండె బాదుకున్నాడు. గార్డు అలవాటుగా కళ్ళు మూసుకోబోతే, "ఇయ్యాల నా తరఫున చెయ్యకు" అన్నాడు సాబ్. ఆ మాట ఆటపట్టించినట్టు లేదు, విరక్తిగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

వానలు పడ్డాయి, వెళ్ళాయి. కూపు సుత్తెలు రేంజి ఆఫీసుకు చేరాయి. మాన్లకు గుర్తులు వేసే పని ఇక ఎవరో ఒకరు నా నెత్తిన పెడతారని రోజూ భయపడుతున్నాను. అప్పుడు హుకుం వచ్చింది. ఆ లోయలో నరుకుడు లేదు, షికారు పర్మిట్లు ఎవరికీ లేవు. ఆఫీసరు ఎందుకిచ్చాడో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆయన భార్య పోరుపెట్టి ఉంటుందని ఖాన్సామా అన్నాడు. దేవుడని గార్డు అన్నాడు. సాబ్ ఒక్కడే గుట్ట బాట పట్టి పోయాడు.

ఎండాకాలం రాగానే పట్నం షికారీలు సిఫారసులతో దిగారు. సాబ్ వాళ్ళ జీపును బాటకు అడ్డంగా నిలబడి వెనక్కి తిప్పించాడు. తిట్లు తిన్నాడు, బదిలీ చేయిస్తామన్న బెదిరింపులూ విన్నాడు. బాట పక్కన కట్టెల మోపు దించుకొని పట్లా ఇదంతా చూస్తున్నాడు. జీపు పోయాక మోపు ఎత్తుకొని, సాబ్‌కు దండం పెట్టి తన దారిన పోయాడు. మీరూ మానండని సాబ్ గూడెంవాళ్ళను అడగనే లేదు. అడగడానికి నోరు రావడం లేదు బేటా అన్నాడు నాతో.

తర్వాత్తర్వాత చూడటానికి జనం నిజంగానే రాసాగారు. టీచర్లు, కాలేజీ కుర్రాళ్ళు, ఒకటి రెండు కుటుంబాలు. సాబ్ ఒక పద్ధతి పెట్టాడు. ఏ కాగితం మీదా లేని పద్ధతి. గూడెంవాళ్ళు వెంట ఉండి గుట్ట బాట మీద నడిపిస్తారు, వచ్చినవాళ్ళు జొన్నలైనా ఉప్పైనా బెల్లమైనా గూడేనికి తెచ్చి, అక్కడే కూర్చుని తినాలి. దాన్ని అందరూ మంచె వాటా అనేవాళ్ళు. జంతువులు కనపడినా కనపడకపోయినా వాటా వాటాయే. దాంతో గూడెం కడుపు నిండిందని నేను చెప్పను. ముసలామె ప్రశ్నకు సరైన జవాబు మా దగ్గర ఎప్పుడూ లేదు.

సాబ్ రిటైరైన రోజు జీపు వద్దన్నాడు. లోయలోంచి నడిచి గుట్ట ఎక్కి, అవతల బస్సు అందుకుంటానన్నాడు. మేం బయల్దేరేసరికి గూడెం మొత్తం డప్పులతో వచ్చి ఆయన వెనక బారుగా నిలబడింది. కేకలు పెడుతూ హాకా మొదలుపెట్టారు.

"అరే, నేనేమన్న జంతువునా?" అని సాబ్ నవ్వుతూ కసిరాడు.

"జంతువులకు కొట్టద్దంటివి. ఇగ నీకే కొట్టాలె!" అన్నాడు పట్లా.

అందరం నవ్వుకుంటూ, డప్పుల మోతలో మడుగు దాకా వచ్చాం. పాత మంచె విరిగి నాలుగు గుంజలు మిగిలాయి. దాని ఎదురుగా రాగానే పట్లా చెయ్యి పైకెత్తాడు. అన్ని డప్పులూ ఒక్కసారి ఆగిపోయాయి. సాబ్ నిలబడి వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు నేను ఇదివరకు చూశాను. ముసలి కణుజు అక్కడే, అట్లాగే నిలబడి చూసింది.

"బందూకు సప్పుడు లేకుంట ఆపుడు నేర్సుకున్నం సాబ్" అన్నాడు పట్లా. "రెండేండ్లాయె, గీ లోయల మేం ఒక్కదాన్ని గూడ కొట్టలే. నువ్వు అడుగలే గని, మేం ఆపినం."

సాబ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దుప్పి పడ్డ రాళ్ళ పక్క నుంచి మెల్లగా గుట్ట ఎక్కి పోయాడు. ఎవరం ఆయన వెనక నడవలేదు.